ఒరిగిన భూమి, తప్పని కాలములు

వేదపాఠము. చదువవలసిన భాగములు: ఆదికాండము 8:20–22, 1 సమూయేలు 12:16–18, కీర్తన 74:16, 17, మత్తయి 5:43–45, యోహాను 11:9.



జలప్రళయము తీసిపోయిన తరువాత నోవహు బలిపీఠము కట్టగా, దేవుడు తన హృదయములో అనుకొనిన మాట ఆదికాండము 8:22లో వ్రాయబడియున్నది. ఆ వచనములో ఎనిమిది సంగతులు జంటలుగా చెప్పబడినవి: విత్తుట, కోయుట; చలి, వేడి; ఎండకాలము, చలికాలము; పగలు, రేయి. భూమి ఉన్నన్నాళ్లు ఇవి ఆగవని ఆయన సెలవిచ్చెను. మన గ్రామ సంఘములలో కోతపండుగనాడు ఈ వచనము చదివి సంతోషింతుము. అయితే వాన కురియని ఏడు ఇదే వచనము గొంతులో అడ్డుపడును. విత్తిన గింజ మొలవక, నెర్రెలు బారిన చేనిగట్టుపై నిలిచి, "కాలములు తప్పవని చెప్పెనే, మరి ఇదేమి కాలము?" అని అడిగిన రైతు అవిశ్వాసి కాడు. వచనమును నమ్మినవాడు గనుకనే అడుగుచున్నాడు. ఆ ప్రశ్నకు జవాబు వెదకుటకే ఈ పాఠము. జవాబులో కొంత వాక్యమునందును, కొంత మన తలపైనున్న ఆకాశమునందును ఉన్నది. ముందు ఆకాశమును చూతము.

ఒక కర్ర, దాని నీడ

ఈ పాఠమునకు లెక్కలన్నియు లాలాపేటను ఆధారము చేసికొని కట్టితిమి. లాలాపేట హైదరాబాదునకు తూర్పున, ఉస్మానియా విశ్వవిద్యాలయమునకు సమీపముగా, నాచారము ఉప్పల్ వైపున నున్న పేట. ఈ నగరమునకు ఆకాశమును కొలుచుట క్రొత్త కాదు. నవాబు జఫర్ జంగు 1901లో స్థాపించిన నిజామియా వేధశాల 1919లో ఉస్మానియా విశ్వవిద్యాలయము చేతికి వచ్చెను. ప్రపంచపు వేధశాలలు కొన్ని కలిసి తయారుచేసిన నక్షత్రముల పట్టికలో దాని పనియు ఉన్నది. కాని మన పాఠమునకు దుర్భిణి అక్కరలేదు. ఒక మీటరు కర్ర చాలును.

కర్రను చదునైన నేలలో నిట్టనిలువుగా పాతవలెను. దారమునకు రాయి కట్టి ప్రక్కన వ్రేలాడదీసినచో కర్ర నిలువుగా ఉన్నదో ఒరిగినదో తెలియును. గడియారము పండ్రెండు కొట్టగానే మిట్టమధ్యాహ్నమని అనుకొనకూడదు. మన దేశపు గడియారములన్నియు కాకినాడకు సమీపముగా పోవు 82½ డిగ్రీల రేఖను బట్టి నడచుచున్నవి. లాలాపేట ఆ రేఖకు పడమర నున్నందున, ఇచ్చట సూర్యుడు దినములోకెల్ల ఎత్తునకు వచ్చుట సుమారు 16 నిమిషములు ఆలస్యము. నెలలను బట్టి ఆ ఆలస్యము పెరుగుచు తగ్గుచు నుండును. కాబట్టి 12 మొదలుకొని 12:30 వరకు నీడను కనిపెట్టియుండి, అది అన్నిటికంటె పొట్టిగా ఉన్నప్పుడు నేలపై గీత గీయవలెను.

ఇట్లు చేసినవారికి కనబడునది ఇది. డిసెంబరు 21న మధ్యాహ్నపు నీడ ఉత్తరమునకు పడి సుమారు 86 సెంటీమీటర్లుండును. మార్చి 21 నాటికి అది 31 సెంటీమీటర్లకు తగ్గును. మే 9 ప్రాంతమున నీడయే ఉండదు. కర్ర మొదట్లో ముడుచుకొని పోవును. జూన్ 21న నీడ మరల పుట్టును గాని, ఈసారి దక్షిణమునకు పడును. పొడవు 10 సెంటీమీటర్లు మాత్రమే. ఆగస్టు 3 ప్రాంతమున మరియొకసారి నీడ మాయమై, అటుపిమ్మట ఉత్తరమునకు మరలి, సెప్టెంబరు 23న మార్చిలో గీసిన గీతనే తాకి, డిసెంబరునాటికి మరల 86కు వచ్చును. మరుసటి ఏడు ఇదే వరుస. మీరు గీసిన గీతలు చెరిగిపోకుండ కాచినచో, నీడ మరల వాటినే వచ్చి ముట్టుటను మీ పిల్లలు చూతురు.

దీపము, బత్తాయి పండు

నీడ ఇట్లు ఎందుకు నడచును? చీకటి గదిలో నడుమ ఒక దీపము పెట్టుడి. అది సూర్యుడు. నల్గొండ బత్తాయి నొకదానిని తీసికొని తొడిమనుండి అడుగువరకు వెదురుపుల్ల గ్రుచ్చుడి. పండు భూమి, పుల్ల దాని ఇరుసు. పుల్లను నిలువుగా పట్టుకొనక ఒరగబెట్టవలెను. ఎంత ఒరగవలెనన్నచో, గడియారపు పెద్దముల్లు పండ్రెండు మీదనుండి నాలుగు నిమిషములు జరిగినంత. అది 24 డిగ్రీలు. నిజమైన వాలు దానికి కొంచెము తక్కువ, ఇరువదిమూడున్నర డిగ్రీలు.

ఇప్పుడు పుల్ల పైకొన వాకిలివైపు ఒరిగియుండునట్లు పట్టుకొని దీపము చుట్టు నడువుడి. ఇచ్చట జాగ్రత్త కావలెను. నడచుచు నడచుచు పుల్లను గూడ దీపమువైపు త్రిప్పుట అందరికిని కలుగు అలవాటు. అట్లు త్రిప్పినచో పాఠమంతయు చెడును. మీరెక్కడ నిలిచినను పుల్లకొన వాకిలివైపే ఒరిగియుండవలెను. భూమి ఇరుసు అట్లే సూర్యుని చుట్టు తిరిగినన్నాళ్లు ధ్రువనక్షత్రము దిక్కునకే ఒరిగియుండును.

మీరు వాకిలికి ఎదురుగా, దీపమునకు ఆవలి ప్రక్కను నిలిచినప్పుడు పుల్లకొన దీపమువైపు వంగియుండును. ఇది జూన్ నెల. పండు నడుముకు కొంచెము పైగా లాలాపేటకు ఒక చుక్క పెట్టి పండును త్రిప్పినచో, ఆ చుక్క చీకటిలోకంటె వెలుగులో ఎక్కువసేపు నడచును. అదే వాకిలి ప్రక్కకు వచ్చి నిలువుడి. కొన దీపమునుండి ఆవలికి వంగును. ఇది డిసెంబరు, చుక్క చీకటిలో ఎక్కువసేపుండును. ఈ రెంటికి నడుమ, ఇరుప్రక్కల నిలిచినప్పుడు కొన దీపమువైపును కాదు, ఆవలికిని కాదు. వెలుగు చీకటులు సమభాగములు. అవి మార్చి, సెప్టెంబరు నెలలు. మీరు చేతులతో ఏమియు మార్చలేదు. పుల్లను ఒకే దిక్కున నిలిపి ఉంచుటవలననే నాలుగు కాలములు వచ్చినవి.

సూర్యునికి దగ్గరగా పోవుటవలన వేసవి, దూరముగా పోవుటవలన చలి అని అనేకులు తలంచుదురు. ఇది తప్పు. భూమి సూర్యునికి అతి సమీపముగా వచ్చునది జనవరి మొదటి వారములో, మనము దుప్పట్లు కప్పుకొను దినములలో. అప్పటి దూరము సుమారు 14 కోట్ల 70 లక్షల కిలోమీటర్లు. జూలై మొదట దూరము 15 కోట్ల 20 లక్షలు. దూరమే కారణమైనచో లోకమంతటను ఒక్కసారే వేసవి రావలెను. కాని అట్లు లేదు. తెలుగు బాప్తిస్టు సంఘముల పక్షమున జాన్ రంగయ్యగారు 1903లో దక్షిణాఫ్రికాలోని నటాలునకు వెళ్లి, కూలిపనికై ఓడలెక్కి పోయిన తెలుగువారి మధ్య సువార్త పరిచర్య చేసిరి. అచ్చట క్రిస్మసు నడివేసవిలో వచ్చును. డిసెంబరు చివర నటాలులో పగలు సుమారు 14 గంటలు. అదే వారములో లాలాపేటలో 11 గంటలు. మన తెలుగువారు ఆ దేశమున చెమటలు తుడుచుకొనుచు క్రీస్తు జన్మమును కొనియాడుచుండగా, ఇచ్చట మనము మంచులో కారల్స్ పాడుచు వీధులు తిరుగుదుము. పండు పైభాగము దీపమునుండి వంగినప్పుడు క్రిందిభాగము దీపమువైపు వంగియుండుట మీరు చూచితిరి గదా.

ఎకరము వెలుగు

వాలువలన వేడి హెచ్చుతగ్గులెట్లు కలుగును? గింజలను తలంచుకొనుడి. ఒక ఎకరమునకు తెచ్చిన గింజలను ఎకరము పదమూడు గుంటలలో చల్లినచో మొలక పలుచబడును. సూర్యుడు నడినెత్తిన ఉన్న మే 9న లాలాపేటలో ఒక ఎకరముపై పడు వెలుగు, డిసెంబరు 21న ఏటవాలుగా వచ్చి సుమారు ఎకరము పదమూడు గుంటల మీద పరచుకొనును. వెలుగు అంతే, నేల ఎక్కువ. గనుక ప్రతి గుంటకు తక్కువ వేడి. దానికి తోడు పగలును పొట్టి. జూన్ 21న లాలాపేటలో పొద్దు సుమారు 5:42కు పొడిచి 6:53కు గూకును. పగలు 13 గంటల 10 నిమిషములు. డిసెంబరు 21న 6:40కి పొడిచి 5:46కే గూకును. పగలు 11 గంటల 5 నిమిషములు. రెంటికి భేదము రెండు గంటలకు పైన.

ఉత్తరమునకు పోయినకొలది ఈ భేదము పెరుగును. జూన్ నెలలో ఆదిలాబాదువారి పగలు తిరుపతివారి పగటికంటె ఇరువది నిమిషములకు పైగా పొడవు. చదువునకో ఉద్యోగమునకో లండను వెళ్లిన మన బిడ్డలు జూన్‌లో రాత్రి తొమ్మిది దాటినను వెలుగున్నదనియు, డిసెంబరులో నాలుగు గంటలకే దీపములు పెట్టుదురనియు ఫోనులో చెప్పునది ఇందువలననే. వారి పగలు 16½ గంటలనుండి 8 గంటలలోపునకు దిగును.

అట్లయిన జూన్ 21నే మనకు అన్నిటికంటె ఎక్కువ ఎండ కాయవలెను గదా, రోహిణి కార్తెలోనే రోళ్లు పగులనేల, అని అడుగవచ్చును. మంచి ప్రశ్న. మే నెలలో సూర్యుడు మన నెత్తిమీదుగా పోవును, పగలు పొడవుగా నుండును, నేలయందు తడి ఆరిపోయియుండును. అందువలన నేల పెనమువలె కాలును. ఆ కాలిన ఉత్తర భూభాగము గాలిని పైకి పంపగా, దక్షిణ సముద్రముమీది తడిగాలి భూమధ్యరేఖను దాటి, నైరుతి గాలియై మనవైపు వచ్చును. అది సాధారణముగా జూన్ 1 నాటికి కేరళమును, తరువాత వారము పది దినములలో తెలంగాణమును చేరును. మబ్బు పట్టి వాన పడగానే, వెలుగు పొడవుగానే ఉన్నను వేడి తగ్గును. గనుక వానకాలమును భూమి వాలుకే పుట్టినది. అయితే బిడ్డగా గాక మనుమరాలుగా పుట్టినదని చెప్పవచ్చును. నడుమ నేల ఉన్నది, సముద్రమున్నది, గాలి ఉన్నది. ఈ మాట జ్ఞాపకముంచుకొనుడి. ముందు దీనితో పని యున్నది.

కార్తెల ప్రస్తావన వచ్చినది గనుక ఒక మాట. కార్తెలు లెక్కించుట విగ్రహారాధనతో సమానమని కొందరు బోధించుట విన్నాము. మేమట్లు తలంచము. కార్తె యనగా సూర్యుడు ఏ నక్షత్రముల దిక్కున ఉన్నాడని చెప్పు లెక్క. ఏడాదికి 27 కార్తెలు, ఒక్కొక్కటి 13, 14 దినములు. అది పొలము పంచాంగము. కార్తెను చూచి విత్తుటలో దోషము లేదు. కార్తెను చూచి ఎవని నుదుట ఏమున్నదో చెప్పుటలో ఉన్నది. అట్లే ఉత్తరాయణము. పంచాంగములో మకర సంక్రాంతి జనవరి 14నో 15నో వచ్చినను, సూర్యుడు ఉత్తరమునకు మరలుట డిసెంబరు 21, 22 లలోనే; మీ కర్ర నీడ దానికి సాక్షి. ఇరుసు ఏటేట ఒకే దిక్కు చూపినట్లున్నను, వేగము తగ్గిన బొంగరము తల త్రిప్పినట్లు అదియు మిక్కిలి మెల్లగా తల త్రిప్పుచున్నది. ఒక చుట్టుకు సుమారు 26,000 సంవత్సరములు. అందువలన నక్షత్రములను బట్టి కట్టిన లెక్క, నీడను బట్టి కట్టిన లెక్క రమారమి 1,700 ఏండ్లలో మూడు వారములకు పైగా ఎడబాసినవి.

వేదభూమి కాలములు

పాలస్తీనా దేశము మనకంటె ఉత్తరమున నున్నది. యెరూషలేములో వేసవి పగలు 14 గంటల పైచిలుకు, చలికాలపు పగలు 10 గంటలు. మన ప్రభువు పగటికి పండ్రెండు గంటలని యోహాను 11:9లో చెప్పినప్పుడు మన చేతి గడియారపు గంటలు కావవి. సూర్యోదయము మొదలు సూర్యాస్తమయము వరకు గల పగటిని, అది పొడవైనను పొట్టియైనను, పండ్రెండు పాళ్లు చేసెడివారు. కావున ఒక గంట జూన్‌లో మన లెక్కకు 71 నిమిషములు, డిసెంబరులో 50 నిమిషములు. ద్రాక్షతోటకు పదకొండవ గంటకు పిలువబడిన కూలివారి ఉపమానమును (మత్తయి 20) పొద్దు చూచి కూలికి పోవు మన తల్లులు, అక్కలు సులువుగా గ్రహింతురు. వారి దినమును పొద్దుతో పుట్టి పొద్దుతో గూకునదే.

పొద్దు పొడిచెను, పొద్దు గూకెను అని ఇప్పుడే మేమును వ్రాసితిమి. భూమి తిరుగునని తెలిసిన పిమ్మట అట్లనుట అబద్ధమా? కాదు. కంటికి కనబడునట్లు పలుకుట మనుష్యభాష. ప్రసంగి 1:5లో సూర్యుడు నడచునని వ్రాసినదియు ఆ భాషయే. బడిలో చదివిన కుమారుడు భూమియే తిరుగునని చెప్పినప్పుడు, వాడు వాక్యమును ధిక్కరించెనని తండ్రి కోపగించుకొనవలసిన పని లేదు.

ఇంతకంటె ముఖ్యమైన సంగతి యొకటి. మన తెలుగు బైబిలులో తొలకరి వర్షము, కడవరి వర్షము అను మాటలున్నవి (యాకోబు 5:7). తొలకరి యనగానే మనకు మృగశిర కార్తె, జూన్ నెల, నాగలి జ్ఞాపకము వచ్చును. ఆ దేశములో తొలి వాన అక్టోబరు, నవంబరులలోను, కడవరి వాన మార్చి, ఏప్రిల్‌లోను పడును. వారికి వానకాలమే చలికాలము. వేసవి పూర్తిగా ఎండు కాలము. ఎజ్రా 10వ అధ్యాయములో జనులు తొమ్మిదవ నెలలో వానకు వణకుచు బయట నిలిచియుండుటయు, యిర్మీయా 36వ అధ్యాయములో రాజు అదే నెలలో కుంపటి ముందు కూర్చుండుటయు ఇందుకే. వారి తొమ్మిదవ నెల మన నవంబరు, డిసెంబరులు.

ఇప్పుడు 1 సమూయేలు 12వ అధ్యాయము తీయుడి. గోధుమకోత కాలమున సమూయేలు ప్రార్థింపగా ఉరుములును వానయు వచ్చెను. జనులు మిక్కిలి భయపడిరి. ఆ కోత మే, జూన్ నెలలలో జరుగును. జూన్‌లో వాన పడినందుకు తెలంగాణ రైతు ఏల భయపడును? కృతజ్ఞతా స్తుతి చెల్లించును. వారి దేశములో ఆ కాలమున వాన రాదు గనుకనే అది సూచన యాయెను. ఒకే సూర్యుడు, ఒకే వాలు, రెండు దేశములు. వెలుగు లెక్క ఇంచుమించు ఒకే విధము, వాన లెక్క తలక్రిందులు.

చెప్పినదియు, చెప్పనిదియు

ఇప్పుడు మొదటి ప్రశ్నకు తిరిగి వత్తము. ఆదికాండము 8:22ను వ్రేలు పెట్టి మరల చదువుడి. ఎనిమిది సంగతులలో వాన ఉన్నదా? లేదు. విత్తు కాలమున్నది, కోత కాలమున్నది, చలి వేడి ఉన్నవి, పగలు రేయి ఉన్నవి. వాన ఇంత పడునని, ఈ దినమున పడునని అచ్చట మాట ఇయ్యబడలేదు. ఆ వచనము వ్రాయబడిన గ్రంథములోనే, నాలుగు అధ్యాయముల తరువాత, అబ్రాము కరవువలన ఐగుప్తునకు పోయెను (12:10). వాగ్దానము తప్పినదని అబ్రాము అనలేదు.

మన నగరపు సంగతినే చూడుడి. 1908 సెప్టెంబరు 28న మూసీ నది పొంగి హైదరాబాదును ముంచివేసెను. వేలకొలది జనులు చనిపోయిరి. అది రేయింబవళ్లు సమమైన దినము గడచి అయిదు దినములైన తరువాత. ఆ ఏడు ఆ వారమున సూర్యుడు దారి తప్పెనా? లేదు. లాలాపేటలో కర్ర పాతియుండినచో దాని నీడ ప్రతి సంవత్సరము సెప్టెంబరు చివర పడినంతయే పడియుండును. వాన మాత్రము కనివిని ఎరుగనట్లు కురిసెను. ఆ నష్టమును చూచి ఊరకుండక, విశ్వేశ్వరయ్యగారి ఆలోచన ననుసరించి పైన కట్టలు కట్టిరి. 1920లో ఉస్మాన్ సాగరు, 1927లో హిమాయత్ సాగరు పూర్తియైనవి. ఇక వాన లేని ఏండ్లను చూతమన్న, 2002, 2009, 2015 సంవత్సరములలో దేశము మొత్తము మీద నైరుతి వానలు బాగుగా లోపించెను. ఆ మూడు ఏండ్లలోను జూన్ 21న పగలు 13 గంటల 10 నిమిషములే.

ఆ లోపమునకు వెదకిన కారణములలో ఒకటి చాల దూరమున, పసిఫిక్ మహాసముద్రములో ఉన్నది. అచ్చటి నీరు కొన్ని ఏండ్లలో అలవాటునకు మించి వేడెక్కును. అట్టి ఏండ్లలో మనకు వాన తగ్గుట తరచుగా కనబడుచున్నది. దీనిని ఎల్ నినో యందురు. పెరూ దేశపు జాలరులు ఆ వేడినీరు క్రిస్మసు దినములలో వచ్చుట చూచి, బాలయేసు పేర ఆ మాటను పెట్టిరి. మన చేలు ఎండుటకు సాయపడు సముద్రపు వేడికి ఆ నామము అంటుకొనుట మాకు కొంచెము కష్టముగానే తోచును. పెట్టినవారి ఉద్దేశము అది కాదు.

కాబట్టి రెండు సంగతులను వేరుగా పట్టుకొనవలెను. వెలుగు వచ్చుపోవుట భూమి వాలుకు నేరుగా కట్టబడియున్నది. అది వచనములో పేరుపేరున చెప్పబడినది, ఒక్క ఏడైనను తప్పలేదు. వాన గాలి చేతను సముద్రము చేతను నడుపబడుచు వచ్చును, ఏటేట మారును. అట్లని వాన దేవునిది కాదని చెప్పుట లేదు. ఆకాశమునుండి వానను, పంటకాలములను ఇచ్చువాడు ఆయనయేనని పౌలు లుస్త్రలో సాక్ష్యమిచ్చెను (అపొ. కార్యములు 14:17). కాని ఆదికాండము 8:22లో ఇయ్యని మాటను ఆయన తప్పెనని మనము నేరము మోపకూడదు.

ఈ వేరుపాటు ఎందుకు అవసరమనగా, కరవులో మనుష్యులు కారకుని వెదకుదురు. వీరు బాప్తిస్మము పొందుటచేత గ్రామదేవత అలిగి వాన ఆపినదని ఊరివారు మనపై నింద వేసిన సంగతులు పెద్దలు చెప్పుదురు. అది మనకు బాధ. అయితే మనలో మనమును అదే పని చేయుదుము: ఫలాని ఇంటి పాపమువలన ఊరికి వాన లేదని గుడిమెట్ల మీదనే గుసగుసలాడుదుము. ఆమోసు 4:7లో దేవుడు ఒక పట్టణముపై వాన కురిపించి వేరొక పట్టణముపై నిలిపెనని లేదా యని వాక్యము తెలిసినవారు అడుగుదురు. ఉన్నది, దానిని దాచము. కాని ఆమోసు ఆ మాటను ప్రభువు నోట విని పలికెను. మన పొరుగింటి విధవరాలిని గూర్చి మనకు అట్టి మాట ఎవరు చెప్పిరి? ప్రభువైన యేసు, తండ్రి తన సూర్యుని చెడ్డవారిమీదను మంచివారిమీదను ఉదయింపజేయుచు, నీతిమంతులమీదను అనీతిమంతులమీదను వాన కురిపించుచున్నాడని చెప్పి, దానినిబట్టి శత్రువును ప్రేమింపుమనెను (మత్తయి 5:44, 45). సిలోయము గోపురము పడి చచ్చినవారు ఇతరులకంటె పాపులు కారనియు ఆయనయే చెప్పెను (లూకా 13:4, 5). కరవు ఏట సంఘము చేయవలసినది లెక్కకట్టి నేరము మోపుట కాదు. విత్తనములు పోగొట్టుకొనిన ఇంటికి మరల విత్తనములు చేర్చుట. విత్తుకాలము మరల వచ్చునని వచనము చెప్పుచున్నది గదా, వచ్చినప్పుడు వాని గాదెలో గింజ ఉండవలెను.

ఈ మధ్య సంవత్సరములలో ఎండలు ముదురుచున్నవి, ఇరుసు వాలు మారినదేమో యని కొందరడిగిరి. మారలేదు. పొగ గొట్టములనుండియు బండ్లనుండియు మనుష్యులు ఆకాశములోనికి వదలుచున్న వాయువులు వేడిని పట్టియుంచుటచేత భూమి వేడెక్కుచున్నది. అది మన చేతిపని, ఇరుసు నేరము కాదు. వాలు తానుగా మారుట ఎంత మెల్లనిదనగా, 22 డిగ్రీలకును 24½ డిగ్రీలకును నడుమ ఊగి వచ్చుటకు సుమారు 41,000 సంవత్సరములు పట్టును. అంత స్థిరముగా ఉండుటకు చంద్రుడే ముఖ్య సహాయమని 1993లో ఫ్రెంచి శాస్త్రజ్ఞులు లెక్కలు కట్టి చూపిరి. అంత పెద్ద చంద్రుడు లేని అంగారక గ్రహపు వాలు యుగయుగములకు విపరీతముగా మారుచుండును. కీర్తన 104:19లో చంద్రుడు కాలములను తెలుపుటకు చేయబడెనని ఉన్నది. కీర్తనకారుడు పండుగల దినములు ఎంచు చంద్రుని గూర్చి పలికెనే గాని ఈ లెక్కలను ఎరిగి పలుకలేదు. ఎరిగి పలికెనని బోధించుట సరికాదు. అయినను ఈ లెక్క తెలిసిన తరువాత ఆ కీర్తన చదువుచు మేము ఒక క్షణము ఆగుదుము.

ఆదివారపు బడి ఉపాధ్యాయులకు: కర్రను ఇప్పుడే పాతించుడి. నీడ లేని దినము అన్ని ఊళ్లకు ఒకటి కాదు. తిరుపతి వైపు ఏప్రిల్ చివరను, లాలాపేట చుట్టుపట్ల మే 9 ప్రాంతమునను, ఆదిలాబాదు వైపు మే మూడవ వారమునను వచ్చును. ఆ దినము మధ్యాహ్నము 12:05 మొదలు పిల్లలను చుట్టు నిలిపి, తలకు గుడ్డ కట్టించి, కుండలో నీళ్లు దగ్గర పెట్టుకొని చూపుడి. సూర్యునివైపు కన్నెత్తి చూడనియ్యకుడి. నేలను చూచిన చాలును. రెండవ దినము లాలాపేటకు ఆగస్టు 3 ప్రాంతమున, 12:22కు. తిరుపతి వైపు అది ఆగస్టు మూడవ వారమునకు వెళ్లును, ఆదిలాబాదు వైపు జూలై చివరి వారములోనే వచ్చును. అప్పటికి మబ్బు పట్టి కర్రయే సరిగా కనబడకపోవచ్చును. అట్లయినచో గీత గీయలేకపోతిమని చింతింపక, పిల్లలను తడవకుండ లోపలికి పిలుచుకొనిపోవుడి.